చౌడప్ప తరఫున

తమ్ముడి పెండ్లాం బావ ఎదుట నిలబడకూడదు. గౌనిపల్లి తిమ్మరాయప్ప ఇంట్లో తాతలనాటి కట్టడి అది. బావ నట్టింట్లో ఉంటే ఆమె వంటింట్లో ఉండాలి. బావ వంటింటి గడపదాకా వస్తే ఆమె పెరట్లోకి పోవాలి. ఆయన కూర్చున్న చాప మీద కూర్చోకూడదు, ఆయన్ను పిలవకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. తప్పనిసరిగా ఏదైనా చెప్పుకోవలసి వస్తే ఇద్దరికీ నడుమ గోడో గొడ్డో ఉండాలి. "ఎనుముకు కుడితి పెట్టినారో లేదో" అని తిమ్మరాయప్ప ఎనుముతో అనేవాడు. "పెట్టినాం" అని అతని తమ్ముడి పెండ్లాం తాయమ్మ తలుపుతో అనేది. ఎనుమూ తలుపూ కలిసి ఆ ఇంటి సంసారం ఎంత మోశాయో వాటికే తెలియాలి.

తల నెరుస్తున్న వయసు వచ్చినా తాయమ్మ తన బావ ముఖం సరిగా చూసి ఎరగదు. ఆయన కాళ్ళు మాత్రం బాగా తెలుసు. ఎడమ బొటనవేలి గోరు నాగలి తగిలి నల్లబడి ఉంటుంది. ఆ గోరు గడప దగ్గర కనబడితే చాలు, ఆమె కొంగు తలమీదికి దానంతట అదే పోయేది.

అటువంటి తాయమ్మ ఒకరోజు శ్రీనివాసపురంలో, సర్కారు ఆఫీసులో, పదిమంది ఎదుట ఆ బావతో మాట్లాడవలసి వచ్చింది. ఎట్లా మాట్లాడిందో చెప్పాలంటే ముందు ఆమె మొగుడు చౌడప్ప ఊపిరి సంగతి చెప్పాలి.

చౌడప్ప మీసాలు రాకముందే బంగారు గనులకు వచ్చినవాడు. పెద్దవాడు మడక పట్టుకోవాలి, చిన్నవాడు గనికి పోవాలి అని తండ్రి చేసిన ఏర్పాటు. భూమి అడుగున, చెమట ఆరి ఒంటి మీద ఉప్పై పేరుకొనే చోట, రాళ్ళకు బెజ్జాలు వేస్తూ వయసంతా గడిపాడు. తెల్లదొరలు పోయారు, గనులు సర్కారువి అయ్యాయి, బోర్డుల మీద అక్షరాలు మారాయి. రాతిదుమ్ముకు ఆ వార్త అందినట్టు లేదు. అది తన పాటికి తాను అతని ఛాతీలోకి దిగుతూనే ఉంది.

ఛాతీ చెడ్డాక అతన్ని గంట దగ్గర వేశారు. గనిలోకి మనుషులు దిగేదీ ఎక్కేదీ ఇనుప బోనులో. ఆ బోనును లాగే యంత్రం పైన ఎండలో ఉంటుంది. ఎక్కవలసినవాళ్ళు కింద చీకట్లో ఉంటారు. కింద ఉన్నవాడు గంట కొడితే, ఆ దెబ్బల లెక్కను బట్టి పైన యంత్రం నడిపేవాడు బోనును లేపుతాడు, దించుతాడు, ఆపుతాడు. చౌడప్ప కొన్నేండ్లు ఆ గంట కొట్టాడు. తరువాత అదీ చేతకాక ఇంటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఆ గోడ కూడా కంపెనీదే. గనోళ్ళ లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, ఉండేది పని ఉన్నంతవరకే, లేదా మనిషి ఉన్నంతవరకే. ఆ తరువాత తాళం అప్పగించి పోవాలి.

కోతలకూ పండగలకూ గౌనిపల్లికి పోయివచ్చినా తాయమ్మ కాపురం ఈ లైన్లలోనే. పిల్లలు లేరు. తాయమ్మకు తల దాచుకోవడానికి మిగిలేది గౌనిపల్లి ఆస్తిలో మొగుడి పాలు ఒక్కటే. ఆ పాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇంతవరకు ఎవరూ గీత గీయలేదు. తండ్రి పోయినా అన్నదమ్ములు పంచుకోలేదు. చౌడప్ప అడిగినప్పుడల్లా తిమ్మరాయప్ప దగ్గర ఒక కారణం ఉండేది. మామిడి పూతకు వచ్చింది, కాపు అయిపోనీ. రాగి కోత అయిపోనీ. పట్టుపురుగులు గూళ్ళు కట్టనీ. ఆయన చెడ్డవాడని కాదు. నీళ్ళున్న భూమిని చేతిలో పెట్టుకొని సగం ఇచ్చేయడానికి ఎవరికి తొందరగా ఉంటుంది?

నీళ్ళున్న భూమి అన్నాను గదా, ఆ నీళ్ళు పెద్దబావివి. ఆ బావి చౌడప్పది. పత్రంలో కాదు, ఒంట్లో. వయసులో ఉన్నప్పుడు సెలవు పెట్టి వచ్చి, ఎండిన గుంతలోకి దిగి, గనిలో రాయి చదివినట్టు ఆ రాయిని చదివి, సమ్మెటతో బెజ్జాలు కొట్టి, మందు పేల్చేవాణ్ణి పిలిపించి, ఊళ్ళోవాళ్ళు ఆశ వదిలిన చోట నీళ్ళు పడేలా చేసిపోయాడు. ఆ కథ తాయమ్మ ఎన్నిసార్లు విన్నదో. వాన కురిస్తే చెప్పేవాడు, కుళాయి ఆగిపోతే చెప్పేవాడు, జ్వరం వస్తే కలవరించేవాడు. మామిడితోట, మెట్టచేను ఎంత వచ్చినా ఆ బావిలో పాలు లేకపోతే ఆ చెట్ల కింద ఎండుటాకులు ఏరుకోవలసిందే.

రాబర్ట్‌సన్‌పేటలో లాయరు నంజుండప్ప ఉన్నాడు. అతని తండ్రి చౌడప్పతో కలిసి గనిలో దిగినవాడు. ఆ వరస మీద ఒక సాయంత్రం కోర్టు నుంచి ఇంటికి పోతూ లైన్లలోకి వచ్చి, చౌడప్ప మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. తాయమ్మ పొయ్యి దగ్గర కాఫీ కాస్తూ చెవి ఇటే పెట్టింది.

"కంపెనీలో నామినీ కాగితం రాసినప్పుడు ఈమె పేరే రాయించినా గదప్పా," అన్నాడు చౌడప్ప. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తెచ్చుకుంటున్నాడు. "ఆ మాదిరే భూమికీ ఒక పవరు పత్రం రాసిపెట్టు. నేను పోయినాక ఈమె ఊరికి పోయి, అది చూపించి, మా అన్నకాడ పాలు పంచుకుంటాది."

నంజుండప్ప నవ్వాడు. "మామా, మన లైన్లలో ఇదే పొరపాటు అందరూ చేస్తారు. నామినీ కాగితం చూసి చూసి అన్ని కాగితాలూ దాని మాదిరే అనుకుంటారు. అది నువ్వు కండ్లు మూసినాక కండ్లు తెరిచే కాగితం. పవరు దానికి తిరుగుడు. నువ్వు కండ్లు తెరిచి ఉన్నంతసేపే దానికి చూపు. నీ ఊపిరి ఆగిన గడియే దాని ఊపిరీ ఆగిపోతాది. ముద్రలు ఎన్ని ఉన్నా సరే, ఆ తరువాత అది బజ్జీలు చుట్టేదానికి పనికొస్తాది."

తాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మనిషితోబాటు చచ్చిపోయే కాగితం ఉంటుందని ఆమె ఎప్పుడూ వినలేదు. మనుషులు పోయినా కాగితాలు మిగులుతాయనే ఆమెకు తెలుసు.

"అయితే నేను పోతే ఈమెకు ఏమీ రాదా?"

"వస్తాది, చట్టం ఇస్తాది. అది వేరే దారి, పొడుగుదారి. మీ అన్న కాలు అడ్డం పెడితే ఆ దారిలో అత్త నడుం వంగిపోతాది. నువ్వుండంగానే పంచుకోవాల."

"నేను కుళాయికాడికి పోలేను. శ్రీనివాసపురం బస్సు ఎట్ల ఎక్కేది?"

"దానికే గదా పవరు. నువ్వు పోలేని చోటికి నీ చెయ్యి పోతాది. అత్త పోతాది, అత్త వేలిముద్ర వేస్తాది, అది నీ వేలిముద్రే. ఆమె నోటితో ఒప్పుకుంటే నువ్వు ఒప్పుకున్నట్టే."

చౌడప్ప కొంచెంసేపు పైకప్పు చూశాడు. "అయితే అన్నీ రాసిచ్చెయ్యి. నా సర్వం ఈమె చేతికి."

"వద్దు మామా. అన్నీ ఇచ్చేది ఒకటి ఉండాది, జనరలు పవరు. దాంతో అమ్మొచ్చు, కుదువ పెట్టొచ్చు, ఏమైనా చెయ్యొచ్చు. దేశాంతరం పోయేవాడికి అది సరి. నీకు కావలసింది ఒక్క పని. ఆ పనికి మాత్రం స్పెషలు రాద్దాం."

"నా పెండ్లాం మీద నాకు నమ్మకం లేదనుకున్నావా?"

"నమ్మకం సంగతి కాదు. పవరు ఎంత పెద్దదైతే దాన్ని పట్టుకున్నోళ్ళను అంతమంది బతిమాలుతారు, బెదిరిస్తారు. అత్త చేతిలో చిన్న పవరు ఉంటే ఒక మాట మిగులుతాది. 'దానికి నాకు అధికారం లేదు.' ఆ మాట దాటి లోపలికి ఎవడూ రాలేడు."

అప్పుడు చౌడప్ప ముఖంలో వెలుగు వచ్చింది. మోచేతి మీద లేచాడు. "గంట. అది గంట మాదిరే గదప్పా. పైన యంత్రం నడిపేవాడు నా ముఖం ఎప్పుడూ చూసినవాడు కాదు. నేను కొడితే బోను లేస్తాది. అన్ని ప్రాణాలు దాంట్లో ఉన్నా వాడు నన్ను అడగడు, గంటను నమ్ముతాడు. ఐతే బోర్డు మీద రాసిన దెబ్బలే కొట్టాల. నా ఇష్టానికి ఒక దెబ్బ ఎక్కువ కొట్టేదానికి లేదు."

"అదే మామా. ఇంకొకటి, నీకు మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు."

"విన్నావా," అన్నాడు చౌడప్ప పొయ్యి వైపు తిరిగి. "నాతో పోట్లాడితే రద్దు."

"చేసుకో. గంజి కూడా నువ్వే కాచుకో," అంది తాయమ్మ. గరిటె మళ్ళీ కదిలింది.

ఏమేమి రాయాలో చౌడప్ప చెప్పాడు. మామిడితోట, మెట్టచేను, ఇంట్లో సగం. చెప్పి, లాయరు కలం మూయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దబావిలో సగం హక్కు. అది రాసినాక ముయ్యి."

పవరు పత్రం సర్కారు మనిషి ఎదుటే రాయాలి. చౌడప్ప ఆఫీసుకు పోలేడు కాబట్టి ఆఫీసే లైన్లకు వచ్చింది. సబ్‌రిజిస్ట్రారు కండ్లద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి. వెనక గుమాస్తా సిరాపెట్టె మోసుకొని వచ్చాడు. ఆ సందులో అంతవరకు ఇల్లు ఖాళీ చేయించడానికి తప్ప సర్కారు వచ్చింది లేదు. పిల్లలు, కోళ్ళు అన్నీ పక్కకు జరిగాయి. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మొదట తాయమ్మనే చూశాడు.

"నువ్వు బయటికి పోమ్మా," అన్నాడు.

తాయమ్మకు అర్థం కాలేదు. తన పేరే రాసే కాగితానికి తననే ఎందుకు పొమ్మంటున్నాడు? పక్కింటి గంగమ్మ ఆమె రెక్క పట్టుకొని బయటికి తెచ్చింది. తలుపు సందులోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఆయన సగం కన్నడం, సగం తెలుగు కలిపి అడుగుతున్నాడు. ఇది నీ ఇష్టంతో ఇస్తున్నావా? ఎవరైనా బలవంతం చేసినారా, భయపెట్టినారా? దీంతో ఏమి జరుగుతుందో నీకు తెలుసా? నీ పెండ్లాం నిన్ను ఏమైనా అనిందా?

"రోజూ అంటాది స్వామీ. దీని గురించి కాదు," అన్నాడు చౌడప్ప. నవ్వబోయాడేమో, దగ్గు పట్టుకుంది.

ఆ దగ్గు వస్తే ఒకపట్టాన పోయేది కాదు. రాళ్ళ మీద బండి పోయినట్టు ఉంటుంది. తాయమ్మ లోపలికి పోబోయి, పోకూడదని గుర్తొచ్చి, కుళాయి గొట్టం పట్టుకొని నిలబడింది. లోపల ఒక్క మాట లేదు. ఆయన ఊరికే కూర్చొని ఉన్నాడు. తొందర పెట్టలేదు, గుమాస్తాను చేత్తో ఆపాడు. దగ్గు నెమ్మదించాక, నీళ్ళు తాగమని, మళ్ళీ మొదటినుంచి అదే అడిగాడు. ఇది నీ ఇష్టమేనా?

ఒక గనికూలి మనసులో ఏముందో తెలుసుకోవడానికి సర్కారు అతని దగ్గు తగ్గేదాకా కాచుకొని కూర్చుంది. తాయమ్మకు ఒళ్ళు జలదరించింది. గుడిలో హారతి వేళ కూడా ఆమెకు అట్లా అయ్యేది కాదు.

గౌనిపల్లికి కబురు పోయింది. తమ్ముడు రాలేడు, తమ్ముడి పెండ్లాం పవరుతో వస్తుంది, పాలుపత్రానికి రోజు చెప్పమని. ఇన్నేండ్లు పూత, కోత, గూళ్ళు అని చెప్పిన తిమ్మరాయప్ప ఈసారి ఏ కారణమూ చెప్పలేదు. వచ్చే బేస్తవారమే అన్నాడు. పత్రం తానే రాయించి పెడతానన్నాడు.

చౌడప్ప అది విని మెల్లిగా తల ఊపాడు. "అన్న తెలివైనవాడు. నేను పోతే అడుగుతాను. నువ్వు పోతే ఆయన ఎదట నోరు ఎత్తవు గదా. అందుకే తొందర."

తాయమ్మ తువ్వాల ఉతకడానికి తీసింది. ఆ మాట నిజమే.

బేస్తవారం తెల్లవారగానే ఆమె బయలుదేరింది. పవరు పత్రాన్ని ఉతికిన తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకుంది. చౌడప్పకు తోడు గంగమ్మ కూర్చుంది. కోలారులో బస్సు మారి కిటికీ పక్క కూర్చున్నాక తాయమ్మకు భయం పట్టుకుంది. భయం బావ గురించి కాదు, చంకలోని తువ్వాల గురించి. అక్కడ ఊపిరి ఆడుతుంటేనే ఇక్కడ కాగితం బతికి ఉంటుంది. ఈ మలుపు దగ్గర బతికి ఉందా? ఆ మామిడితోపు దగ్గర? ఏండ్ల తరబడి ఆమెకు నిద్ర లేకుండా చేసిన దగ్గు అది. ఎన్నిసార్లు దాన్ని శాపనార్థాలు పెట్టిందో. ఇప్పుడు దేవుడా, దగ్గుతూ ఉండనీ అని మొక్కుకుంది.

తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. రాగిముద్ద కెలికి కెలికి అరిగిన వేలు. అది ఈ పూట తనది కాదు. తాను మోసుకుపోతున్న ఇంకొకరి వేలు.

శ్రీనివాసపురం ఆఫీసు వరండాలో నల్లగోరు కనబడింది. తాయమ్మ కొంగు తలమీదికి పోయింది, కాళ్ళు స్తంభం వెనక్కు పోయాయి. తిమ్మరాయప్ప కూడా మర్యాద తెలిసినవాడే. ముఖం రోడ్డు వైపు తిప్పుకొని, "బస్సు టయానికే వచ్చిందేమో" అని రోడ్డుతో అన్నాడు. "వచ్చింది" అంది ఆమె స్తంభంతో.

లోపలికి పిలిచారు. ఇక్కడి అధికారి వయసు మళ్ళినవాడు. పత్రం రాసిన హనుమంతప్ప బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. అధికారి తల ఎత్తకుండానే, "తిమ్మరాయప్ప?" అన్నాడు. ఉన్నానన్నాడు. "చౌడప్ప?"

ఎవరూ పలకలేదు.

"రాలేదు స్వామీ, పెండ్లాన్ని పంపినాడు," అన్నాడు తిమ్మరాయప్ప.

అధికారి తాయమ్మ ఇచ్చిన తువ్వాల విప్పి, పత్రం చదివి, ముద్ర వెలుతురుకు పట్టి చూశాడు. "ఆయన బతికే ఉన్నాడు గదా?"

"పొద్దున నన్ను తిట్టినాడు స్వామీ. కాఫీలో బెల్లం తక్కువని."

అధికారి మొదటిసారి ఆమె ముఖం చూశాడు. "అయితే చౌడప్ప వచ్చినట్టే. బన్ని, కూత్కొళ్ళి" అని కుర్చీ చూపించాడు.

ఆ కుర్చీ తిమ్మరాయప్ప కుర్చీ పక్కనే ఉంది. ఒక చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. తాయమ్మ కదల్లేదు. తిమ్మరాయప్ప లేవబోయాడు. "ఇద్దరూ కూర్చోవాల," అన్నాడు అధికారి. "పాలు పంచుకునేది మీరిద్దరే గదా." తాయమ్మ కుర్చీ అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది.

హనుమంతప్ప చదవడం మొదలుపెట్టాడు. కన్నడంలో ఉన్నదాన్ని ఆగి ఆగి తెలుగులో చెబుతున్నాడు. రెండవ పాలు చౌడప్పది. మామిడితోట వచ్చింది. మెట్టచేను వచ్చింది, నాలుగు దిక్కుల హద్దులతో వచ్చింది. ఇంట్లో పడమటి సగం వచ్చింది. తాయమ్మ మనసులో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోయింది. తరువాత హనుమంతప్ప కాగితం మడిచాడు. పెద్దబావి, గట్టుతో సహా, మొదటి పాలులోనే ఉండిపోయింది.

"బావి రాలేదు," అంది తాయమ్మ. తలుపుతో అంది. అలవాటు. ఎవరికీ వినపడలేదు.

"బావి రాలేదు," అంది మళ్ళీ, హనుమంతప్ప వైపు.

తిమ్మరాయప్ప బల్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "ఇంటి నీళ్ళు యాడికి పోతాయి? అడిగితే కాదంటామా? నీళ్ళకు కూడా పత్రం రాసుకున్నారంటే ఊళ్ళో నవ్వుతారు. వేలిముద్ర వెయ్యమనప్పా హనుమంతప్పా. బస్సు తప్పిపోతాది."

ఆ గొంతుకు ఎదురు చెప్పి తాయమ్మ ఎరగదు. ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అప్పుడు లాయరు చెప్పిన మాట గుర్తుకొచ్చింది. అది ఎదిరించే మాట కాదు, అందుకే నోటికి వచ్చింది.

"దానికి నాకు అధికారం లేదు," అంది. "ఆ పత్రంలో బావి రాసిండాది. బావి వదులుకొని ముద్ర వేసే పవరు ఆయన నాకు ఇయ్యలేదు."

అధికారి పవరు పత్రం మళ్ళీ చూశాడు. "నిజమే. 'పెద్దబావిలో సగం హక్కుతో' అని ఉంది. అది లేకుండా ఈమె వేసే ముద్ర చెల్లదప్పా."

తిమ్మరాయప్పకు రోషం వచ్చింది. పంచె సర్దుకున్నాడు. "చౌడడే వచ్చింటే ఇంత రచ్చ ఉండేది కాదు స్వామీ. అన్న మాటకు ఎదురాడేవాడు కాదు వాడు. వాడుంటే ఒప్పుకునేవాడు."

తాయమ్మకు ఏమైందో ఆమెకే తెలియదు. గని అడుగున, చీకట్లో, గంట తాడు మీద ఒక చెయ్యి కనబడింది. కొట్టకపోతే బోను కదలదు. పైనున్నవాడికి ఏమీ కనబడదు. కొంగు జారింది. సర్దుకోలేదు. పక్కకు తిరిగింది.

"అన్నా," అంది.

ఆ మాటతో ఆయన్ను పిలిచే మనిషి లోకంలో ఒక్కడే. గుమాస్తా కలం ఆగింది.

"వచ్చినాను గదన్నా. నేనే. నేను ఒప్పుకోలేదు." ఆమె గొంతు చిన్నదే, వణకలేదు. నాలుగు మాటలకొకసారి ఆగింది. అతను ఆగినట్టే. "ఆ బావి రాతి మీద నా సమ్మెట దెబ్బలు ఇంగా ఉండాయి. నువ్వు పైన తాడు పట్టుకొని ఉంటివి. చాలురా చౌడా, నీళ్ళు లేవు, పైకి రా అంటివి. నేను రాలేదు. రాయి చల్లగా ఉండాదన్నా, ఇంగొంచెం చూస్తాను అంటిని. మరుసటి రోజు నీళ్ళు పడినప్పుడు అందరూ కేకలు పెడితే నువ్వు వెనక్కి తిరిగి, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడిస్తివి. ఎవరూ చూడలేదనుకుంటివి. నేను కిందనుంచి చూసినాను."

తిమ్మరాయప్ప ఆమె వైపు తిరిగాడు. ఇన్నేండ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అదే ముక్కు, అవే చెవులు. చౌడప్పకు ముసలితనం వచ్చే వీలుంటే ఈ ముఖమే వచ్చేది అనుకుంది ఆమె.

"చూసినావంట్రా," అన్నాడు ఆయన. "ఒక్కనాడూ చెప్పకపోతివే."

అన్నాక ఎవరితో అన్నాడో తెలిసి ఆగిపోయాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. అధికారి కండ్లద్దాలు తీసి, తుడుచుకోవలసినంత మురికి లేకపోయినా తుడుచుకున్నాడు. ఆ ఏడుపు సంగతి తాయమ్మకు ముందే తెలుసు, కానీ అక్కడ చెప్పాలని ఆమె అనుకోలేదు. లోపలినుంచి ఎవరో చెప్పినట్టు వచ్చింది.

"రాసెయ్యప్పా హనుమంతప్పా," అన్నాడు తిమ్మరాయప్ప కొంతసేపటికి. "బావి ఇద్దరిదీ. రోజు మార్చి రోజు నీళ్ళు. గట్టు మీద నడిచే దారి కూడా రాయి. దారి లేకపోతే మళ్ళీ తగువు."

తిరగరాసి, చదివి, ముద్రలు వేసేసరికి పొద్దు వాలింది. తాయమ్మ బొటనవేలికి గుమాస్తా సిరా రాశాడు. కాగితం మీద వేలు ఒత్తి తీసింది. దాని కింద హనుమంతప్ప రాసి, చదివి వినిపించాడు: చౌడప్ప తరఫున, అతని భార్య తాయమ్మ.

బస్సు ఆగేచోట తిమ్మరాయప్ప కొంచెం దూరంగా నిలబడ్డాడు. ముఖం అటు తిప్పుకున్నాడు. తాయమ్మ తలమీదికి కొంగు వచ్చింది.

"కోలారు బస్సు ఎర్రది," అన్నాడు ఆయన కరెంటు స్తంభంతో.

"వస్తా ఉండాది," అంది ఆమె బస్సుతో.

ఆమె ఎక్కాక కిటికీ ఊచల సందులోంచి ఒక పొట్లం లోపలికి వచ్చింది. అందులో ఎండబెట్టిన మామిడిఒరుగులు. "వాడికి నోరు చేదుగా ఉంటాదేమో," అన్నాడు ఆయన, బస్సు చక్రంతో.

లైన్ల సందు మొదట్లో తాయమ్మ అడుగు వేయలేకపోయింది. గంగమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది, ఇటు చూడటం లేదు. సందంతా మౌనంగా ఉంది. తాయమ్మ నిలబడి చెవులు రిక్కించింది. రాళ్ళ మీద బండి పోయినట్టు, లోపలినుంచి దగ్గు వచ్చింది. ఇంత చక్కటి చప్పుడు ఈ లోకంలో ఉంటుందా అనుకుంది.

చౌడప్ప మంచం మీద ఆమె సిరా వేలు చూశాడు. ఆ వేలిని తన చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పోయినానా నేను?" అన్నాడు.

"పోయినావు."

"అన్నకాడ కూర్చున్నానా?"

"పక్క కుర్చీలోనే."

అతను కండ్లు మూసుకొని ఊపిరి తెచ్చుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. పసిపిల్లవాడు కథ అడిగినట్టు అడిగాడు.

"నేనేమన్నాను?"

తాయమ్మ చెప్పింది. మొదటినుంచి, ఒక్క మాట వదలకుండా చెప్పింది. నీళ్ళు పడిన చోటికి వచ్చేసరికి అతని పెదవులు కూడా ఆమెతోబాటు కదిలాయి. ఏడుపు సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అది కూడా చెప్పేసినానా?"

"చెప్పేసినావు."

"అన్న ఏమన్నాడు నన్ను?"

"చూసినావంట్రా అన్నాడు. ఒక్కనాడూ చెప్పకపోతివే అన్నాడు."

తాయమ్మ తువ్వాలలోంచి పవరు పత్రం తీసి అతని దిండు పక్కన పెట్టింది. దాని పని అయిపోయింది. ఆమె లేచి, మామిడిఒరుగు ఒకటి తుంచి అతని నోట్లో పెట్టింది. అతను దాన్ని దవడకు పెట్టుకొని చప్పరించాడు.

"మన తోటదే," అన్నాడు. "ఈ పులుపు ఆ నీళ్ళదే."